రెండో తరగతి పిల్లలకి ఆ బొమ్మ చూపించాలా?

ప్లానో_నాన్న: ఫిబ్రవరి కదా, ఇక్కడ అమెరికాలో బ్లాక్ హిస్టరీ మంత్ (నల్లవాళ్ళ చరిత్ర చెప్పుకునే నెల) అని మా అమ్మాయి క్లాసులో రూబీ బ్రిడ్జెస్ గురించి చెప్పారు. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో, అప్పటిదాకా తెల్లపిల్లలే చదివిన బడికి వెళ్ళిన ఆరేళ్ళ నల్లపిల్ల. అంతవరకు బాగానే ఉంది. నార్మన్ రాక్‌వెల్ వేసిన బొమ్మ కూడా చూపించారు. తెల్లగౌను వేసుకున్న పాప, కాపలాగా ముందు ఇద్దరు వెనక ఇద్దరు మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసులు), గోడకి కొట్టిన టమాటా. ఆ గోడ మీద నల్లవాళ్ళని తిట్టే బూతుమాట రాసి ఉంటుంది. మా పిల్లకి చదవడం బాగా వచ్చు. రాత్రి అన్నం తింటూ ఆ మాట పైకి అని, "అంటే ఏంటి నాన్నా" అంది. ఏడేళ్ళ పిల్లకి ఇది అవసరమా? ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెడదామనుకుంటున్నా.

గోంగూర_పచ్చడి: పెట్టెయ్ అన్నా.

చాక్‌పీస్: ఆగండి. నేను ఎలిమెంటరీలోనే పాఠాలు చెప్తాను. రూబీ బడిలో చేరగానే తెల్లవాళ్ళు తమ పిల్లల్ని మాన్పించేశారనీ, బార్బరా హెన్రీ అనే ఒక్క టీచరు ఏడాదంతా ఆ ఒక్క పిల్లకే పాఠం చెప్పిందనీ ఈ నెల మా ఒకటో తరగతిలో చెప్పా. ఒకడు చెయ్యెత్తి, "మరి రీసెస్‌లో ఎవరితో ఆడుకుంది టీచర్?" అన్నాడు. ఆడుకోడానికి ఎవరూ లేకపోతే ఎలా ఉంటుందో ఆ వయసువాళ్ళకి మనకంటే బాగా తెలుసండీ. మీరు చెప్పిన బొమ్మ నేనూ చూపిస్తా, గోడ మీద ఆ మాట ఉన్నచోట కాగితం అడ్డం పెట్టి.

ప్లానో_నాన్న: చూశారా, మీరే దాస్తున్నారు! నేనూ అదే కదా అంటున్నది.

చాక్‌పీస్: నేను దాచింది మాటని. మీరు మెయిల్ పెడితే వచ్చే ఏడాది పాఠంలో రూబీయే ఉండదు. టెక్సాస్‌లో జాతి గురించి బడిలో ఎలా చెప్పాలో కట్టడి చేసే 2021 చట్టం వచ్చినప్పటి నుంచి ఏం మాట్లాడితే ఏం వస్తుందోనని మాకు ఎలాగూ టెన్షనే. ఒక్క పేరెంట్ మెయిల్ చాలు, టీచరు రూబీ పుస్తకం అలమారాలో పెట్టి తాళం వేసేస్తుంది.

నైట్‌షిఫ్ట్: అసలు వాళ్ళ గొడవ మనకెందుకు? మావాడు టిఫిన్ డబ్బా తెరిస్తే పక్కపిల్లలు ముక్కు మూసుకుంటారు, పులిహోర తీసుకెళ్ళడం మానేశాడు. దానికి ఏ నెల ఇస్తారు? పన్నెండేళ్ళుగా గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నా, మా చరిత్ర ఎవడు చెప్తాడు? అయినా వాళ్ళకి ఇచ్చింది మాత్రం ఏముంది, ఏడాదిలో అన్నిటికంటే పొట్టి నెల. అదీ ఒక అవమానమే.

పాతకాగితం: ఎవరూ ఇవ్వలేదు బ్రో. కార్టర్ వుడ్‌సన్ అనే నల్లజాతి చరిత్రకారుడు 1926లో వారం రోజుల పండగలా మొదలుపెట్టాడు. లింకన్ పుట్టినరోజు 12న, బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ది 14న జరుపుతారు కాబట్టి ఫిబ్రవరి రెండో వారం ఎంచుకున్నాడు. 1976లో అది నెల అయింది.
ఇక మనకెందుకు అంటావా. 1923లో భగత్ సింగ్ తింద్ అనే పంజాబీ పౌరసత్వం అడిగితే, నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది సుప్రీంకోర్టు. మనకి తలుపు తెరిచిన వలస చట్టం 1965లో వచ్చింది, నల్లవాళ్ళు పోరాడి తెచ్చుకున్న పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే. ఆ ఊపు లేకపోతే మనం ఈ దేశంలో ఉండేవాళ్ళమా?

నైట్‌షిఫ్ట్: నేను నా జీఆర్‌ఈ స్కోరుతో వచ్చా. ఎవరి పోరాటంతోనూ కాదు.

పాతకాగితం: 1960లో రాసి ఉంటే తెలిసేది. ఇక్కడ స్థిరపడటానికి ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా.

నైట్‌షిఫ్ట్: 28 రోజులన్నది మాత్రం నిజమే కదా.

గోంగూర_పచ్చడి: 😂

ప్లానో_నాన్న: నేనడిగింది వదిలేసి ఎక్కడికో పోయారు. పిల్ల ఇంకోటి కూడా అడిగింది, "నేను అప్పుడుంటే ఏ బడికి వెళ్ళేదాన్ని?" అని. ఏం చెప్పను?

చాక్‌పీస్: ఉన్నదే చెప్పండి. 1924లో మిసిసిపీలోని రోజ్‌డేల్‌లో మార్తా లమ్ అనే చైనా వాళ్ళ పాపని, నువ్వు తెల్లపిల్లవి కాదని తెల్లవాళ్ళ బడి నుంచి పంపేశారు. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1927లో జడ్జీలంతా ఒక్కమాటగా పంపేసింది కరెక్టే అన్నారు.

చింతచెట్టు: ఇందాకటి నుంచి చదువుతున్నా. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ కేరళ వెళ్తే, అక్కడి దళిత పిల్లల బడి ప్రిన్సిపాల్ ఆయన్ని "అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడు" అని పరిచయం చేశాడట. మొదట చివుక్కుమన్నా, నిజమే కదా అనిపించిందని కింగే తర్వాత చెప్పాడు. బూతుమాట పిల్ల కంట పడిందని మీ బాధ. మా కులం పేరే మా ఊళ్ళో తిట్టు. రెండో తరగతిలో మా మాస్టారి నోటే విన్నా. మా నాన్న ఎవరికీ మెయిల్ పెట్టలేదు. టీ కొట్టులో మా గ్లాసులు బయట చూరుకి ఉండేవి, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి.

ప్లానో_నాన్న: ఇప్పుడు కులం ఎందుకొచ్చింది? నేను బొమ్మ గురించి అడిగితే నన్ను దోషిని చేస్తారా? మోడరేటర్ ఎక్కడ?

నైట్‌షిఫ్ట్: ఇదిగో, మొదలు.

చింతచెట్టు: మిమ్మల్నేమీ అనలేదండీ. మీకెందుకు అంత కోపం వచ్చింది?

పాతకాగితం: చింతచెట్టు గారూ, దీని మీద వేరే థ్రెడ్ పెట్టండి, చదువుతా.

చింతచెట్టు: ఎప్పుడూ వేరే థ్రెడ్డే మాకు.

ప్లానో_నాన్న: పొద్దున్న కాస్త నోరు జారాను. మొన్న ఎండాకాలం ఇండియా వెళ్ళినప్పుడు, అంట్లు తోమే ఆవిడకి మా అత్తగారు వేరే స్టీలు గ్లాసులో కాఫీ పోసి గడప అవతల పెట్టడం మా అమ్మాయి చూసింది. మొన్న రాత్రి ఆ బూతుమాటకి అర్థం ఏదో సర్ది చెప్పాను. వెంటనే, "అయితే అమ్మమ్మ వాళ్ళింట్లో ఆంటీకి కూడా అందుకేనా?" అంది. మా ఆవిడ ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అది మీకెవరికీ చెప్పలేదు. అలాగని ఆ మాట ఏడేళ్ళ పిల్ల ముందు పెట్టడం కరెక్టని ఇప్పటికీ అనుకోవట్లేదు. మెయిల్ డ్రాఫ్టులో ఉంది.

చింతచెట్టు: మరి ఏం చెప్పారు పిల్లకి?

ప్లానో_నాన్న: పడుకోమన్నాను.
చాక్‌పీస్ గారూ, మార్తా తర్వాత ఏ బడికి వెళ్ళిందండీ? అడుగుతోంది.

చాక్‌పీస్: వాళ్ళ నాన్న ఇల్లు ఖాళీ చేసి ఆర్కాన్సాకి మారిపోయాడు.