వాగ్దాన కార్డులో యిర్మీయా 29:11 వచ్చింది, ఏడాదంతా దాన్ని ఎలా ధ్యానించాలి?

ఏలూరు_సిస్టర్:

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక్కొక్కరికీ ఒక బైబిల్ వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డుల్లోంచి మా అమ్మాయి తీసుకున్నదానిలో యిర్మీయా 29:11 వచ్చింది: మీ గురించి నా ఉద్దేశాలు మేలు కోసమే కానీ హాని కోసం కావు, మీకు నిరీక్షణ కలిగిస్తాను అని దేవుడు చెప్పిన మాట. డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటోంది. కార్డు బైబిల్లో పెట్టుకుని రోజూ ఆ ఒక్క వచనం చదివి ప్రార్థన చేసుకుంటుంది. ఇంటర్వ్యూలో ఎంపిక కానప్పుడల్లా "దేవుడు మాటిచ్చాడు కదమ్మా, నా విశ్వాసంలోనే లోపముందా?" అని అడుగుతోంది. ఏం చెప్పాలి? ఒక వాగ్దానాన్ని ఏడాది పొడవునా ధ్యానించే పద్ధతి ఏదైనా ఉంటే వివరంగా రాయండి. రోజుకు అరగంట కూర్చోగలదు.

వాక్యధ్యాని:

వందనాలు సిస్టర్. ముందు అమ్మాయిని 29వ అధ్యాయం మొదటి వచనం నుంచి చదవమనండి. ఇది ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి యూదా రాజు యెకొన్యాతో పాటు పెద్దలనూ పనివాళ్లనూ చెరపట్టుకుని బబులోనుకు తీసుకుపోయాడు. వాళ్లకు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసి పంపాడు. ఉత్తరం అందుకున్నవాళ్లు ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న మనుషులు.

దీనికి ముందున్న 28వ అధ్యాయం కూడా తప్పక చదవాలి. రెండేళ్లలోనే అందరూ తిరిగి వచ్చేస్తారని హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందు ప్రకటించాడు. వినడానికి ఎంతో బాగుంది, కానీ దేవుడు చెప్పిన మాట కాదు. దేవుడు చెప్పింది 29:10లో ఉంది: 70 సంవత్సరాలు. 11వ వచనం ఆ 70 ఏళ్ల పక్కనే వస్తుంది. ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూస్తారు. అయినా దేవుడు వాళ్లతో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకుని వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు (5-7).

అమ్మాయి బాధకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వచనాన్ని ఉత్తరంలోంచి కత్తిరించి కార్డు మీద వేస్తే ఇంటర్వ్యూ తేదీకి గ్యారంటీలా కనిపిస్తుంది. ఫలానా నెలలో ఉద్యోగం వస్తుందని దేవుడు అందులో చెప్పలేదు. చెప్పని మాట జరగలేదని తన విశ్వాసాన్ని తప్పుపట్టుకోవద్దని చెప్పండి. చెరలో ఉన్నా నేను మిమ్మల్ని మరచిపోలేదు, నా ఉద్దేశం మీ మేలే అన్నది ఆయన ఇచ్చిన మాట. అది మనకెలా వర్తిస్తుందంటే, దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తులో "అవును" అన్నట్టే ఉన్నాయని 2 కొరింథీ 1:20 చెబుతోంది. కాబట్టి కార్డు పారేయనక్కర్లేదు.

మొదటి వారానికి ఇలా పంచుకోవచ్చు. సోమవారం 28వ అధ్యాయం మొత్తం, 17 వచనాలే. మంగళవారం 29:1-3. బుధవారం 4-7. గురువారం 8-9. శుక్రవారం 10-11. శనివారం 12-14, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. పూర్ణమనస్సుతో వెదికితే దొరుకుతాను అన్నమాట కార్డు మీద ఉండదు కానీ వాగ్దానంలో భాగమే. 15-32 ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారిగా చదివేయవచ్చు.

అరగంటలో పది నిమిషాలు బిగ్గరగా రెండుసార్లు చదవడానికి పెట్టుకోవాలి. కళ్లతో మాత్రమే చదివితే తెలిసిన వచనాల మీద మనసు జారిపోతుంది. తర్వాత నోటుబుక్కులో రెండే వాక్యాలు: ఇక్కడ దేవుడు ఎవరితో ఏం చెప్పాడు, దాన్నిబట్టి ఈరోజు నేనేం చేయాలి. రెండోది "నమ్మకంగా ఉండాలి" అని రాస్తే పనికిరాదు, సాయంత్రానికి చేశానో లేదో తెలిసేలా ఉండాలి. మిగతా సమయం ఆ భాగంలోని మాటలతోనే ప్రార్థన. 7వ వచనం రోజున తన ఊరి ఆసుపత్రి, బస్టాండు, బడి పేర్లు పెట్టి ప్రార్థించమనండి. ప్రార్థన తన ఉద్యోగం చుట్టూనే తిరగకుండా ఇది కాపాడుతుంది.

సండేస్కూల్_టీచర్:

పై బ్రదర్ చెప్పిన దానికి ఇంకొకటి కలుపుతాను. యిర్మీయాలో 52 అధ్యాయాలున్నాయి, వారానికి ఒకటి చొప్పున ఏడాదికి సరిగ్గా సరిపోతుంది. అయితే అధ్యాయాలు కాలక్రమంలో లేవు. 32వ అధ్యాయం యూదా రాజు సిద్కియా ఏలుబడి పదో ఏట జరిగింది, 36వది అంతకుముందున్న రాజు యెహోయాకీము నాలుగో ఏట మొదలవుతుంది. చాలామంది ఇక్కడే తికమకపడి వదిలేస్తారు. ప్రతి అధ్యాయం పక్కన పెన్సిల్‌తో రాజు పేరు రాసుకుంటే చాలు.

32వ అధ్యాయాన్ని మాత్రం తొందరగా దాటవద్దు. బబులోను సైన్యం పట్టణాన్ని చుట్టుముట్టి ఉంది, యిర్మీయా చెరసాల ప్రాంగణంలో ఉన్నాడు. అప్పుడు దేవుడు చెప్పాడని తన సొంత ఊరు అనాతోతులో పినతండ్రి కొడుకు హనమేలు పొలాన్ని 17 తులాల వెండి తూచి కొన్నాడు. సాక్షుల చేత సంతకాలు పెట్టించి, ఆ పత్రాలను చాలాకాలం పాడవకుండా మట్టికుండలో దాచమని తన లేఖకుడు బారూకుకు ఇచ్చాడు. శత్రువు చేతికి పోబోయే నేలకు రిజిస్ట్రేషన్! 29:11ను నమ్మిన మనిషి ఏం చేస్తాడో తెలియాలంటే ఇంతకన్నా మంచి అధ్యాయం లేదు. ఆ వారం అమ్మాయి చేయాల్సిన పని ఏదైనా నేర్చుకోవడం మొదలుపెట్టడమో, వాయిదా వేసిన అప్లికేషన్ పంపడమో కావచ్చు.

ఏలూరు_సిస్టర్:

చాలా మేలు చేశారు. ఒక సందేహం. ఉద్యోగం రాలేదని తెలిసిన రోజున తను బైబిలే ముట్టుకోదు. ఆరోజు కూడా ఇదే వరుసలో చదవమనాలా?

కీర్తనల_ప్రార్థన:

వద్దు సిస్టర్. ఆరోజుకు వరుస పక్కనపెట్టి యిర్మీయా 20:7-18 తెరవమనండి. వాగ్దానం రాసి పంపిన ప్రవక్తే అక్కడ దేవునితో నువ్వు నన్ను మోసపుచ్చావని మొరపెట్టుకుంటాడు. 13వ వచనంలో స్తుతిస్తాడు, 14లో తాను పుట్టిన దినాన్నే శపించుకుంటాడు. దేవుడు ఆ మాటలను గ్రంథంలోంచి తీసేయించలేదు. అలాంటి ప్రార్థన అవిశ్వాసం అయితే అది మనదాకా వచ్చేదే కాదు.

అది కూడా చదవలేనంత దుఃఖంగా ఉంటే 13వ కీర్తన చాలు, ఆరే వచనాలు. మొదటి రెండిటిలో "ఎన్నాళ్లు" అనే ప్రశ్న, తర్వాతి రెండిటిలో మనవి, చివరి రెండిటిలో నమ్మకం, పాట. చివరి రెండూ ఆరోజు నోటికి రాకపోతే నాలుగో వచనం దగ్గరే ఆగిపోవచ్చు, ఎవరూ బలవంతపెట్టవద్దు. 5, 6 వచనాలు తెల్లవారి చదువుకుంటుంది. మీరు పక్కన కూర్చుని నెమ్మదిగా చదివి వినిపిస్తే ఇంకా మంచిది. ఆ సమయంలో 29:11 చూపించి ఓదార్చాలని మాత్రం ప్రయత్నించకండి.