చిన్న ఎఫ్‌హెచ్‌కి పరిశోధనలో 'డీ' వచ్చింది. తమ్ముణ్ణి చేర్చాలా, ఆపాలా?

సీటు వచ్చింది: జర్మనీలో ఒక చిన్న ప్రభుత్వ ఎఫ్‌హెచ్‌లో (అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీ) మా తమ్ముడికి మాస్టర్స్ సీటు వచ్చింది. యూ-మల్టీర్యాంక్ (యూనివర్సిటీలను పోల్చే పట్టిక) తరహాలో 'ఏ' నుంచి 'ఈ' దాకా మార్కులున్న పనితీరు పట్టిక చూశాం. బోధన 'ఏ', అంతర్జాతీయత 'ఏ', స్థానిక ప్రాంతంతో సంబంధాలు 'బీ', పరిశోధన 'డీ'. టీయూ (టెక్నికల్ యూనివర్సిటీ) కోసం ఇంకో ఏడాది ఆగమంటారా?

బ్యాక్‌లాగ్ లేదు: క్యూఎస్ ప్రపంచ ర్యాంకు ఎంత? లేకపోతే వద్దు.

పాతకాపు: క్యూఎస్ వదిలేయండి. జర్మనీ వాళ్ల సీహెచ్ఈ ర్యాంకింగ్ 1998 నుంచి ఉంది. అది కాలేజీ మొత్తానికి ఒక నంబరు ఇవ్వదు, సబ్జెక్టు వారీగా గుంపులు చేస్తుంది. ఇక ఆ 'డీ' సంగతి. ఎఫ్‌హెచ్‌లు పుట్టిందే వేరే పనికి. 1968లో రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని, చాలాచోట్ల పాత ఇంజనీరింగ్ స్కూళ్లనే వీటిగా మార్చాయి. ఇక్కడ ప్రొఫెసర్ కావాలంటే మామూలుగా ఐదేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, అందులో కనీసం మూడేళ్లు విద్యాసంస్థల బయట. వారానికి 18 గంటలు పాఠం చెప్పాలి. యూనివర్సిటీ ప్రొఫెసర్‌కి అందులో సగం. పైగా అక్కడ పరిశోధన పేపర్లు రాసిపెట్టడానికి ప్రొఫెసర్ కింద పీహెచ్‌డీ వాళ్లుంటారు. ఇక్కడ ఆ బలగం ఏది?

లెక్కల మాస్టారు: 18 గంటలు కాదండీ. 18 పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. పదమూడున్నర గంటలు.

పాతకాపు: పాఠం తయారీ, పేపర్లు దిద్దడం, థీసిస్‌లు చూడటం మీరొచ్చి చేస్తారా మాస్టారూ?

లెక్కల మాస్టారు: ఉన్నది చెప్పాను. 13.5.

రాత్రి రైలు: నేను ఇలాంటి చిన్న చోటే చదివాను. ప్రొఫెసర్లు పేరు పెట్టి పిలిచేవారు, కాదనను. కానీ పీహెచ్‌డీకి మెయిళ్లు పెడితే రెండు యూనివర్సిటీలు ముందు అదనపు కోర్సులు చేయమన్నాయి. మిగతావి జవాబే ఇవ్వలేదు. మాస్టర్స్ ఎక్కడ చేసినా ఒకటే అంటారు గానీ, అది కాగితం మీద మాట.

పాతకాపు: హెస్సే రాష్ట్రం 2016లోనే, పరిశోధన గట్టిగా ఉన్న ఎఫ్‌హెచ్ విభాగాలకు డాక్టరేట్ ఇచ్చే హక్కు ఇచ్చింది. ముందుగా అందుకున్నది ఫుల్డా ఊళ్లోని ఎఫ్‌హెచ్. అయినా పరిశోధన కావాలనుకున్నవాడివి ఎఫ్‌హెచ్‌లో ఎందుకు చేరావు?

రాత్రి రైలు: 'నువ్వు' అనేంత చనువు మనకు లేదు. ఎందుకు చేరానా? ఫీజు లేదని. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో అయితే 2017 నుంచి మనలాంటి వాళ్లు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి. బ్లాక్డ్ అకౌంట్‌కే (వీసా కోసం బ్యాంకులో ముందే వేసి చూపించే ఖర్చుల డబ్బు) మా నాన్న అప్పు చేశారు.

వీకెండ్ షిఫ్ట్: ఇంటర్న్‌షిప్ సెమిస్టర్ ఉందో లేదో చూసుకోండి. మిగతాదంతా సోది.

పాతకాపు: సరే, 'మీరు'. ఫీజు చూసి చేరి, తర్వాత పరిశోధన లేదని తిడితే ఎలా?

రాత్రి రైలు: నా కడుపుమంట 'డీ' మీద కాదండీ, ఆ 'ఏ' మీద. విదేశీ విద్యార్థులు ఎక్కువని అంతర్జాతీయతలో 'ఏ' ఇస్తారు. మా ఇంగ్లిష్ మాస్టర్స్‌లో ముప్ఫైమందిమి, జర్మన్లు ఇద్దరు. రెండేళ్లు మనలో మనమే మాట్లాడుకున్నాం. ఏ ఫ్యాక్టరీలకు మనుషుల్ని ఇవ్వాలని ఆ కాలేజీ పెట్టారో, అక్కడ భాష రాదని మాకు ఇంటర్వ్యూ కూడా దక్కలేదు. పక్క బిల్డింగ్‌లో జర్మన్‌లో చదివే లోకల్ పిల్లలు ఇంటర్న్‌షిప్ చేసిన చోటే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. పట్టికలో 'అంతర్జాతీయత'కు మా తలలు లెక్కపెట్టారు, 'ప్రాంతంతో సంబంధాలు'కు వాళ్ల ఉద్యోగాలు లెక్కపెట్టారు. రెండు మంచి మార్కులూ ఒకే కాలేజీకి!

పాతకాపు: భాష నేర్చుకోకపోవడం కాలేజీ తప్పా? నేను మొదటి ఏడాది మొత్తం భాషకే పెట్టాను.

రాత్రి రైలు: తర్వాత ఏ కోర్సులో చేరారు?

పాతకాపు: బ్యాచిలర్స్. జర్మన్‌లో.

రాత్రి రైలు: అంటే మీరు ఆ పక్క బిల్డింగ్.

పాతకాపు: బిల్డింగ్ ఏదైనా పాఠం చెప్పేది ఆ ప్రొఫెసర్లే కదా. బోధనలో 'ఏ' అబద్ధం కాదు.

రాత్రి రైలు: అబద్ధమని నేనెప్పుడన్నాను?

సీటు వచ్చింది: మావాడిది ఇంగ్లిష్ కోర్సే. క్లాసులో జర్మన్లు ఎంతమందో, ఆ కోర్సు చేసినవాళ్లు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో పట్టికలో ఎక్కడా లేదు. డిపార్ట్‌మెంట్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాం.

లెక్కల మాస్టారు: జవాబు వస్తే ఇక్కడ పెట్టండి. వీలైతే ఆ 45 నిమిషాల సంగతి కూడా అడగండి.