బండి ఆగితే వేడిగాలి, కదిలితే చల్లగాలి: కంప్రెసర్ మార్చాల్సిందేనా?

బందరురోడ్డు (ప్రశ్న)

2010 మోడల్ 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. ఊరు విజయవాడ. పొద్దునపూట ఏసీకి వంక పెట్టక్కర్లేదు, హైవే మీదా బాగానే ఉంటుంది. మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ వైపు ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం రెండు మూడు నిమిషాల్లో గాలి గోరువెచ్చగా అయిపోతుంది. బండి కదిలి 40 స్పీడు దాటితే మళ్లీ చల్లబడుతుంది. బ్లోయర్ గాలి మాత్రం ఎప్పుడూ ఒకేలా వస్తుంది.

పోయిన వేసవిలో గ్యాస్ నింపించాం. ఇప్పుడు ఒక షాపులో "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అంటున్నారు. ఇంకో షాపులో "కంప్రెసర్ వీకయింది, మార్చాలి" అంటున్నారు. ఇద్దరిలో ఎవరూ ప్రెషర్ గేజీలు పెట్టి చూడలేదు. డబ్బు పెట్టేముందు నేనేం చూసుకోవచ్చు?

కూలింగ్‌కాయిల్

గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదండీ. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. పాత బండ్లలో రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల మీద కాస్త పోవచ్చు గానీ, ఒక్క ఏడాదిలో ఏసీ చచ్చేంత పోదు. కాబట్టి "అయిపోయింది, నింపుదాం" అనేవాళ్లను ముందు లీకు ఎక్కడో చూపించమనండి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం కండెన్సర్ మీదే. గ్యాస్‌ను నొక్కి తోసే కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాస్ ముందువైపు ఉన్న కండెన్సర్‌లో చల్లబడి ద్రవం కావాలి. బండి నడుస్తుంటే ఎదురుగాలి ఆ పని చేసిపెడుతుంది. ఆగినప్పుడు భారమంతా ఫ్యాన్ మీదే. ఫ్యాన్ సరిగ్గా తిరగకపోయినా, కండెన్సర్ రేకుల్లో మట్టి, పురుగులు ఇరుక్కున్నా మీరు చెప్పినట్టే అవుతుంది.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. మధ్యాహ్నం ఎండలో బండి ఆపి, ఇంజన్ ఐడిల్‌లో, ఏసీ ఫుల్, రీసర్క్యులేషన్, బ్లోయర్ రెండో నంబరు మీద పెట్టండి. మధ్య వెంట్‌లో వంటింటి డిజిటల్ థర్మామీటర్ దూర్చండి. గాలి వేడెక్కాక గ్రిల్ సందుల్లోంచి కండెన్సర్ మీద నీళ్లు సన్నగా పడేలా రెండు నిమిషాలు పట్టండి. ఫ్యాన్ మోటారు మీద, వైరింగ్ మీద గురిపెట్టి కొట్టకండి. వెంట్ ఉష్ణోగ్రత 4, 5 డిగ్రీలు పడిపోతే లోపం కండెన్సర్ వైపే. ఏ మార్పూ లేకపోతే గ్యాస్ తక్కువ, కంప్రెసర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (ద్రవాన్ని లోపలి కాయిల్‌లోకి సన్నగా వదిలేది) అనే దారిలో వెతకాలి.

ఇంకొన్ని కారణాలను కూర్చున్నచోటే కొట్టేయొచ్చు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపే చల్లగాలి వచ్చి, ఇంజన్ వేడెక్కాక రోడ్డు మీద కూడా వెచ్చబడితే హీటర్ ఫ్లాప్ (వేడిగాలి దారి మూసే రేకు) పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం. పాత బండ్లలో దాన్ని కదిపే కేబుల్ క్లిప్ జారడం మామూలే. అరగంట బాగా పనిచేసి ఆ తర్వాత గాలి వేగమే తగ్గిపోతే డాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీద ఐసు కడుతోంది, దాని చలిని కొలిచే థర్మిస్టర్ చూడాలి. మీ బండిలో గాలి తగ్గడం లేదు, రోడ్డు మీద చల్లగానే ఉంది. కాబట్టి ఈ రెండూ కావు.

వైరింగ్‌వాలా

ఫ్యాన్ గురించి. కొన్ని బండ్లలో ఏసీకి వేరే ఫ్యాన్ ఉంటుంది, కొన్నింట్లో ఒకే ఫ్యాన్ రెండు స్పీడుల్లో తిరుగుతుంది. ఎలా ఉన్నా, ఏసీ బటన్ నొక్కి కంప్రెసర్ క్లచ్ "టక్"మని పడిన కొద్ది సెకన్లలోనే ఫ్యాన్ మొదలవ్వాలి. ఇంజన్ వేడెక్కేదాకా మొదలవకపోతే ముందు ఫ్యాన్‌కు కరెంటు అందించే రిలే చూడండి. పక్కన అదే నంబరున్న హారన్ రిలే ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు. రెండు స్పీడుల ఫ్యాన్ అయితే తక్కువ స్పీడుకు వాడే రెసిస్టర్ కాలిపోవడం చాలా బండ్లలో చూస్తాం.

"తిరుగుతోంది కదా" అని వదిలేయకండి. మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫ్యాన్ తిరుగుతుండగా దాని కనెక్టర్ వెనకనుంచి ఒకసారి వోల్టేజి కొలవండి. తేడా అర వోల్టు లోపు ఉండి, ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంటే మోటారు కార్బన్ బ్రష్‌లు అరిగినట్టు. తేడా వోల్టు దాటితే మోటారు మార్చినా లాభం లేదు, కనెక్టరో ఎర్తో తుప్పుపట్టింది. రెండు స్పీడుల ఫ్యాన్ అయితే ఈ కొలత ఎక్కువ స్పీడులోనే తీయాలి. చేతులు, చున్నీలు దూరంగా ఉంచండి. ఇంజన్ ఆపినా కొన్ని ఫ్యాన్లు ఉన్నట్టుండి మొదలవుతాయి.

బందరురోడ్డు

నీళ్ల పరీక్ష చేశాను, ఆటోనగర్‌లో ఒకాయనతో గేజీలు కూడా పెట్టించాను. బయట 38 డిగ్రీలు. ఐడిల్‌లో లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చేవైపు) 60, హై సైడ్ (బయటికి తోసేవైపు) 330 పీఎస్‌ఐ. వెంట్‌లో 21 డిగ్రీలు. నీళ్లు పట్టాక 45, 245కి దిగాయి. వెంట్‌లో 14. ఫ్యాన్ తిరుగుతోంది గానీ వేగం లేదు. బ్యాటరీ దగ్గర 13.9, ఫ్యాన్ కనెక్టర్ దగ్గర 13.6 వోల్టులు.

కూలింగ్‌కాయిల్

కంప్రెసర్ జోలికి వెళ్లకండి. కంప్రెసర్ వీకైతే లో సైడ్ పెరుగుతుంది, హై సైడ్ పడిపోతుంది, రెండు ముళ్లూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. మీది 330 దాకా తోస్తోంది. గ్యాస్ తక్కువైతే రెండూ తక్కువ చూపించేవి. ఆ మాటా తప్పే.

మీ ఏసీలో ఉండే ఆర్134ఎ గ్యాస్ 330 పీఎస్‌ఐ దగ్గర ద్రవం కావడానికి కండెన్సర్‌లో దాదాపు 75 డిగ్రీల వేడి ఉంటుంది. 38 డిగ్రీల ఎండకు 220 నుంచి 260 మధ్య ఉంటే చాలు. హై సైడ్ అలా పెరిగితే లో సైడ్‌నూ పైకి లాగుతుంది. 60 పీఎస్‌ఐ అంటే కూలింగ్ కాయిల్ లోపలే 17 డిగ్రీలు. అలాంటప్పుడు వెంట్‌లో 21 రాక ఏం వస్తుంది? లో సైడ్ 35 దగ్గర ఉంటే కాయిల్ 5 డిగ్రీలకు దిగుతుంది.

వోల్టేజి సరిగ్గా అందుతోంది కాబట్టి ఫ్యాన్ మోటారు మార్చండి. బంపర్ విప్పినప్పుడే కండెన్సర్ కూడా కడిగించండి. నీళ్లు వెనకనుంచి ముందుకు, మామూలు పైపుతోనే. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే సన్నటి రేకులు వంగిపోయి ఉన్న దారీ మూసుకుపోతుంది. అసలు మట్టి కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో పేరుకుంటుంది. రేడియేటర్ పై బ్రాకెట్లు వదులుచేసి వెనక్కి వాల్చందే అది కనబడదు.

ఆ రెండింటి చుట్టూ ఫోము పట్టీలు, ప్లాస్టిక్ గైడ్లు ఉన్నాయా చూడండి. ముందు గుద్దుకుని బంపర్ మార్చిన బండ్లలో వాటిని తిరిగి పెట్టరు. అవి లేకపోతే బండి ఆగినప్పుడు ఇంజన్ వైపు వేడిగాలి పక్కసందుల్లోంచి చుట్టితిరిగి మళ్లీ కండెన్సర్ ముందుకే వస్తుంది. ఎంత మంచి ఫ్యాన్ వేసినా ఆ వేడిగాలినే తిప్పుతుంటుంది.

వైరింగ్‌వాలా

కంపెనీది కాని బయటి మోటారు వేస్తే తిరిగే దిక్కు చూసుకోండి. వైర్లు తారుమారైతే గాలిని లోపలికి లాగాల్సింది బయటికి తోస్తుంది. ఏసీ వేసి గ్రిల్ ముందు కాగితం పెట్టండి. అంటుకుపోవాలి, ఎగిరిపోకూడదు.

గ్యాస్‌తూకం

ఫ్యాన్ నీరసం నిజమే. కానీ పోయిన వేసవిలో గ్యాస్ ఎన్ని గ్రాములు ఎక్కించారో అడిగారా? గేజీ చూసి "చాలు" అని ఆపేసి ఉంటే ఎక్కువే పడి ఉండొచ్చు. గ్యాస్ ఎక్కువైనా రెండు ప్రెషర్లూ పెరుగుతాయి, నీళ్లు పడితే తగ్గుతాయి. గేజీలతో ఈ రెండింటినీ విడదీయలేం.

బోనెట్ కింద లేబుల్ ఉంటుంది చూడండి, ఆర్134ఎ ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. చిన్న బండ్లలో 400 చుట్టుపక్కల. అంత చిన్న సిస్టమ్‌లో 70, 80 గ్రాములు ఎక్కువైనా కండెన్సర్ అడుగు వరసలు ద్రవంతో నిండిపోయి, గ్యాస్ చల్లబడే చోటు తగ్గిపోతుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పటి ప్రెషర్ చూసి "గ్యాస్ ఫుల్" అనేవాళ్లనూ నమ్మకండి. 35 డిగ్రీల దగ్గర లోపల వంద గ్రాములున్నా, నాలుగు వందలున్నా గేజీ 114 పీఎస్‌ఐ దగ్గరే నిలబడుతుంది.

ఫ్యాన్ మార్చాక కూడా హై సైడ్ 260 దాటితే రికవరీ మెషీన్ ఉన్న చోటికి వెళ్లి, ఉన్న గ్యాస్ తీయించి తూకం వేయించండి. తర్వాత కనీసం 30 నిమిషాలు వ్యాక్యూమ్ (పంపుతో లోపలిదంతా లాగేయడం). గాలి పోవడానికి అంతసేపు పట్టదు, తేమ ఆవిరై రావడానికే ఆ సమయం. వాల్వ్ మూశాక 15 నిమిషాలు ముల్లు కదలకూడదు. అప్పుడు లేబుల్ మీదున్నంతే తూకంతో ఎక్కించాలి. సీలెంట్ కలిసిన డబ్బాలు మాత్రం వద్దే వద్దు. అది ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో గడ్డకడితే డాష్‌బోర్డు విప్పాల్సి రావచ్చు.

బందరురోడ్డు

మోటారు మార్చాం, సందులో మట్టి బోలెడు వచ్చింది. కాగితం అంటుకుంటోంది. బయట 39 ఉండగా ఐడిల్‌లో హై సైడ్ 280 దగ్గర ఆగింది, వెంట్‌లో 15. గ్యాస్‌తూకం గారు చెప్పినట్టు తీయించి తూచితే 470 గ్రాములు వచ్చింది, లేబుల్ మీద 400! వ్యాక్యూమ్ నిలబడింది. 400 ఎక్కించాక ఇప్పుడు హై సైడ్ 245, లో సైడ్ 41. ఐడిల్‌లో వెంట్ 12, 1500 ఆర్‌పీఎం దగ్గర 9. తేమ పీల్చే డ్రయర్ బాటిల్ కూడా మార్చాలా? లీకు కనబడేలా రంగు డై వేయమని కూడా అంటున్నారు.

గ్యాస్‌తూకం

డై ఎందుకండీ, ఉండాల్సినదానికంటే ఎక్కువే దొరికింది కదా. మెషీన్ మొత్తం లాగలేదు కాబట్టి అసలు 470 కంటే ఇంకాస్త ఎక్కువే ఉండి ఉంటుంది. డ్రయర్ కూడా వద్దు. పైపులు విప్పి సిస్టమ్‌ను గాలికి తెరిచి వదిలేసినప్పుడు, కంప్రెసర్ నలిగి ముక్కలు పడినప్పుడు అది మార్చాలి.

ఒక్కటి అడిగి తెలుసుకోండి. గ్యాస్‌తోపాటు కాస్త కంప్రెసర్ ఆయిల్ కూడా రికవరీ మెషీన్ సీసాలోకి వచ్చేస్తుంది. ఎన్ని మిల్లీలీటర్లు పడిందో చూసి, అంతే కొత్తది తిరిగి ఎక్కించారా? కంప్రెసర్ లేబుల్ మీద రాసిన రకం ప్యాగ్ ఆయిలే వాడాలి, "అన్నింటికీ పనికొస్తుంది" అనే సీసా కాదు. అలాగే సర్వీస్ వాల్వ్ మూతలు రెండూ తిరిగి బిగించారా, లోపల రబ్బరు రింగులు ఉన్నాయా చూడండి. వాల్వ్ పిన్ కొంచెం కారినా ఆ మూతలే ఆపుతాయి.