అప్‌డేట్: ఆ గుర్రపు దళం సినిమా దొరికింది

పోయిన వారం అడిగాను కదా, చిన్నప్పుడు నాన్నగారితో చూసిన నలుపు తెలుపు సినిమా, ఒక మొండి సైనికాధికారి ఎవరి మాటా వినకుండా దళాన్ని కొండల మధ్యకు నడిపించి చనిపోతాడు, పేరు గుర్తు లేదు అని. అది జాన్ ఫోర్డ్ తీసిన ‘ఫోర్ట్ అపాచీ’, 1948 నాటిది. ‘రియో గ్రాండే’ అన్నవారు దగ్గరికే వచ్చారు. అదీ ఆయనదే, కాకపోతే 1950ది.

ఆదివారం మళ్ళీ చూశాను. నాకు జాన్ వేన్ ఒక్కడే గుర్తున్నాడు. తీరా చూస్తే సినిమాను మోసింది ఆ మొండి అధికారిగా వేసిన హెన్రీ ఫోండా. మెడ వెనుక గుడ్డ వేలాడే టోపీ, బిగించిన దవడ. సంధి మాటలకు వెళ్ళి అపాచీ తెగ నాయకుడు కొచీస్‌నే అవమానిస్తుంటే ఒళ్ళు మండింది. ఇక సినిమా తీసిన మాన్యుమెంట్ వ్యాలీ ఎడారి మీద ఆ మేఘాలు! ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ వాడారట, ఆకాశం అంత నల్లగా కనిపించడం అందుకే.

ఒక్కటి తప్పుగా గుర్తుంది. చివర్లో వేన్, ఆ అధికారి మొండితనం వల్లే దళం నాశనమైందన్న నిజం చెబుతాడనుకున్నాను. చెప్పడు. విలేకరుల ముందు ఆ అధికారిని పొగిడి, అలాంటి టోపీయే పెట్టుకొని బయలుదేరతాడు. నాన్నగారికి ఫోన్ చేసి చెబితే, ‘‘అప్పటికే నువ్వు నిద్రపోయావు’’ అన్నారు.