నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఎలాంటి పరుపు వాడుతున్నారు? కాస్త చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే అండి. ఏడాదిగా నడుము కింద నొప్పి, పొద్దున్న లేచేటప్పుడే ఎక్కువ, పక్కకి ఒరిగి మంచం అంచు పట్టుకుంటే గానీ లేవలేను, ఒక అరగంట అటూ ఇటూ తిరిగాక సర్దుకుంటుంది. పరుపు పదేళ్ళది, మధ్యలో గుంట పడింది, అరచెయ్యి పెట్టి నొక్కితే కింద చెక్క తగులుతోంది. వేరే చోట పడుకున్న రోజు ఇంత నొప్పి లేదు, అందుకే పరుపు మీదే నా అనుమానం. డాక్టర్‌కి చూపించాను, ఎక్స్‌రేలో ఏం లేదన్నారు.

అందరూ గట్టి పరుపే మంచిదంటారు కదా అని నాలుగు రోజులు నేల మీద పడుకుంటే భుజం, తుంటి పట్టేశాయి, నేను పక్కకి తిరిగి పడుకుంటాను మరి. 2003లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్టడీలో 313 మందిని చూస్తే బాగా గట్టి పరుపు కంటే మీడియం ఫర్మ్ (మరీ గట్టిగా, మరీ మెత్తగా కానిది) వాడినవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గిందట. కానీ ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ దగ్గర గట్టిగా ఉంటోంది, షాపులో రెండు నిమిషాలు పడుకుంటే ఏం తెలుస్తుంది చెప్పండి?

లాటెక్స్ (రబ్బరు) పరుపు తీసుకోవాలా, ఒంటి ఆకారానికి ఒదిగే మెమరీ ఫోమా? ఫోమ్ వేడెక్కుతుందంటున్నారు, నిజమేనా? పక్కకి తిరిగి పడుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే మీకు ఏది పడిందో, అలవాటు కావడానికి ఎన్ని రోజులు పట్టిందో చెప్పండి, చాలా హెల్ప్ అవుతుంది.