స్టెంట్ ఉన్న నాన్నకి ఏటా ఫ్లూ టీకా వేయించాలా?

ఖమ్మం అబ్బాయి:
నాన్నగారికి 68. షుగర్ ఉంది, స్టెంట్ వేసి మూడేళ్లయింది. మొన్న చెకప్‌లో డాక్టరుగారు ఏటా ఫ్లూ టీకా వేయించమన్నారు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, బయట పదిహేను వందల పైమాటే. "జలుబుకి సూదేంట్రా" అంటారు నాన్న. ఆ సూదితోనే జ్వరం వస్తుందని బాబాయి భయపెడుతున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:
ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి దీనివల్ల ఒరిగేది తక్కువని నా నమ్మకం. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2018 సమీక్షలో పాత పరిశోధనలన్నీ కలిపి చూసింది. టీకా లేనివాళ్లలో ఒక సీజన్‌లో నూటికి ఇద్దరికి కాస్త పైగా ఫ్లూ వస్తే, వేసుకున్నవాళ్లలో ఒకరికి లోపు. అంటే ఒక్కరిని తప్పించడానికి 71 మందికి సూది పొడవాలి. పైగా ఏ రకం వైరస్ తిరుగుతుందో నెలల ముందే అంచనా కట్టి టీకా తయారుచేస్తారు. 2014-15 చలికాలంలో వైరస్ మారిపోయి, అమెరికాలో రక్షణ 19 శాతం దగ్గర ఆగింది. మధ్యతరగతి ఇంట్లో నలుగురికీ ఏటా ఈ ఖర్చు పెట్టమనడం న్యాయం కాదు.

హైదరాబాద్ నర్సు:
మాస్టారూ, మీ లెక్క తప్పని అనను. కానీ అది ఆరోగ్యవంతుల లెక్క. 65 దాటినవాళ్ల మీద అదే ఏడాది వచ్చిన కాక్రేన్ సమీక్షలో 71 కాస్తా 30కి దిగింది. పైగా ఇక్కడ అడిగింది గుండెజబ్బు ఉన్న పెద్దాయన గురించి. కెనడాలోని ఒంటారియోలో రోగుల రికార్డులు తిరగేస్తే, ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు కనబడింది. 2021లో మరో అంతర్జాతీయ పరిశోధన వచ్చింది. గుండెపోటుతో చేరినవాళ్లలో కొందరికి ఆసుపత్రిలోనే టీకా, మిగతావారికి ఉత్త సెలైన్ ఇచ్చి ఏడాది చూశారు. మరణం, మళ్లీ గుండెపోటు, స్టెంట్‌లో గడ్డకట్టడం కలిపి సెలైన్ వాళ్లలో 7.2 శాతం, టీకా వాళ్లలో 5.3. నాన్నగారి విషయంలో ఆలోచించాల్సింది జలుబు గురించి కాదు, ఈ తేడా గురించి.

బాబాయిగారికి చెప్పండి, సూదిగా వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దాంతో ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోపు ఏ జ్వరం తగులుకున్నా సూది నెత్తినే వేస్తారు. నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే గిలాన్-బారే జబ్బు మాత్రం నిజమైన భయమే. అది పది లక్షల మందిలో ఒకరిద్దరికి మించదు. ఇంతకుముందు ఆ జబ్బు వచ్చి ఉంటే డాక్టరుకి తప్పక చెప్పాలి.

గుంటూరు కోడలు:
అందరూ వేయించాలా వద్దా అంటున్నారు, ఎప్పుడన్నది ఎవరూ అడగలేదు! ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు టీకాలోని రకాలు ఖరారు చేస్తుంది, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి. మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ వానాకాలంలోనే ముసురుకుంటుంది. అమెరికాలో ఉన్న పిల్లలు అక్టోబరులో వేయించుకోమని ఫోన్ చేస్తే, అప్పటికి ఇక్కడ సగం ముప్పు దాటిపోయి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో, కొత్తగా వచ్చిన టీకా ఉందా అని అడిగి వేయించండి. మా అత్తగారికి మేం అలాగే చేస్తున్నాం.

లెక్కల మాస్టారు:
ఈ పెద్దాయనకి వేయించడమే మంచిదని ఒప్పుకుంటాను. అయితే హామీ మాత్రం ఇవ్వకండి. హరియాణా పల్లెల్లో పిల్లలకి వరసగా మూడేళ్లు వేసి చూస్తే, మొదటి ఏడాది రక్షణ నాలుగో వంతు దగ్గర, మూడో ఏడాది ముప్పావు దగ్గర తేలింది. ఏ ఏటికి ఏది దక్కుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇంకొకటి. గుండెజబ్బు వాళ్లకి ఇంత మేలుంటే దాన్ని కొడుకుల జేబుకి వదిలేయడమేమిటి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ మాత్రలతో పాటు ఇదీ ఇవ్వాలి. కూలికి వెళ్లే గుండె రోగికి పదిహేను వందలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఖమ్మం అబ్బాయి:
అందరికీ ధన్యవాదాలు. స్టెంట్ సంగతి చెప్పాక నాన్న మెత్తబడ్డారు. మే నెలలో వేయిస్తున్నాం. అమ్మకి 63, బీపీ తప్ప ఏ జబ్బూ లేదు. తనకి కూడా వేయించాలా? మాస్టారూ, నర్సుగారూ, ఇద్దరూ చెప్పండి.