కేటీలో బార్కర్ రిజర్వాయర్ పార్కుని ఆనుకుని ఇల్లు చూశాం, కొనొచ్చా?

కేటీకి_కొత్త:

అందరికీ నమస్తే. డల్లాస్ నుంచి హ్యూస్టన్ మారి ఎనిమిది నెలలైంది, ఆఫీసు ఎనర్జీ కారిడార్‌లో, ఇద్దరు పిల్లలు, అపార్ట్‌మెంట్ బతుకు ఇక చాలనిపించి హ్యూస్టన్ శివారు కేటీ వైపు ఇల్లు వెతుకుతున్నాం. మొన్న శనివారం చూసిన ఇల్లు మా ఆవిడకి గుమ్మంలో కాలు పెట్టగానే నచ్చేసింది. ఉత్తరం ఫేసింగ్, కింద ఒక బెడ్రూం ఉంది (అమ్మానాన్న వచ్చినప్పుడు మెట్లెక్కే పని లేదు), వెనక ఫెన్స్ దాటితే ఇక చెట్లే, అదంతా జార్జ్ బుష్ పార్కట. పిల్లల్ని తీసుకుని అందులో గంటన్నర తిరిగాం. సైకిల్ ట్రైల్, సాకర్ గ్రౌండ్లు, ఒకచోట రిమోట్ విమానాలు ఎగరేసుకోవడానికి చిన్న రన్‌వే కూడా ఉంది, మావాడు అక్కణ్ణించి కదిలితే ఒట్టు.

ఏజెంటేమో "వెనక వైపు జన్మలో ఎవరూ కట్టరు, ఫ్లడ్ మ్యాప్‌లో జోన్ ఎక్స్, అంటే ముప్పు తక్కువ, ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి కాదు" అంటున్నాడు. రేటు కూడా అదే సైజు ఇళ్లకంటే కాస్త తక్కువే. కానీ సెల్లర్ డిస్‌క్లోజర్‌లో (అమ్మేవాళ్లు ఇంటి గురించి రాసిచ్చే ఫారం) "ఫ్లడ్ పూల్" అన్నచోట "అవును" అని టిక్ పెట్టి ఉంది. అదేంటని అడిగితే "ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లకి అంతే, బార్కర్ రిజర్వాయర్ వల్ల" అన్నాడు. రిజర్వాయర్ అంటే నీళ్లుండాలి కదా, మేం తిరిగినంతసేపూ చుక్క కనబడలేదు. ఆప్షన్ పీరియడ్ (ఫీజు వదులుకుని బేరం రద్దు చేసుకునే గడువు) ఇంకా ఆరు రోజులుంది. పాతకాపులెవరైనా ఉంటే చెప్పండి, నేను ఊరికే టెన్షన్ పడుతున్నానా?

బయూ_బాబాయ్:

తమ్ముడూ, పడాల్సిన చోటే పడుతున్నావు. నువ్వు తిరిగిన పార్కే రిజర్వాయర్. హైవే 6 మీద వెళ్లేటప్పుడు పడమటి పక్కన గడ్డి పెరిగిన మట్టి దిబ్బ ఒకటి పొడుగ్గా కనిపిస్తుంది చూడు, అందరూ ఏదో రోడ్డు కట్ట అనుకుంటారు, అదే డ్యామ్. పదమూడు మైళ్ల పైన పొడుగు. మామూలు రోజుల్లో లోపల నీళ్లుండవు, ఎందుకంటే అది నీళ్లు నిలవ చేసుకునే చెరువు కాదు, వరదొచ్చినప్పుడు ఆపి తర్వాత మెల్లగా వదలడానికి ఖాళీగా ఉంచిన చెరువు. ఎలాగూ ఖాళీ జాగానే కదా అని కౌంటీకి లీజుకిచ్చారు, వాళ్లు ట్రైల్స్, గ్రౌండ్లు వేశారు. ఐ-10కి అవతల ఆడిక్స్ రిజర్వాయర్‌లో బేర్ క్రీక్ పార్కు, కల్లెన్ పార్కు కూడా ఇదే కథ. మునిగినా కడుక్కుని మళ్లీ తెరుచుకునే వాటినే లోపల పెట్టారన్నమాట. ఇళ్లు అలాంటివి కావు కదా.

1929లో, 1935లో హ్యూస్టన్ డౌన్‌టౌన్ బఫెలో బయూ అనే వాగు పొంగి మునిగింది. ఆ తర్వాత ఆర్మీ ఇంజినీర్లు, అదే కోర్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్లు, ఈ రెండూ కట్టారు, బార్కర్ 1945లో, ఆడిక్స్ 1948లో. మొదట్లో ఒక్కోదానికి అయిదు తూములుంటే నాలుగింటికి గేట్లే లేవు, నీళ్లు వాటంతటవే పోయేవి. కింద బయూ ఒడ్డున ఊరు పెరిగేకొద్దీ ఒక్కోదానికి గేటు పెట్టుకుంటూ వచ్చారు, 1963కల్లా అన్నీ మూసేసే వీలొచ్చింది. కింద వాళ్లు మునగకుండా వానలప్పుడు గేట్లు మూస్తారు, మూస్తే నీళ్లు వెనక్కి, అంటే మీ ఫెన్స్ వైపుకి వస్తాయి. అదే ఇక్కడ అసలు సంగతి.

ఇంకో ముక్క. బార్కర్‌లో ప్రభుత్వం కొన్న భూమి సముద్ర మట్టానికి దాదాపు 95 అడుగుల ఎత్తు వరకే. కట్ట ఆపగలిగే నీళ్లు దానికంటే బాగా పైకొస్తాయి (అవి పరుచుకునే జాగానే ఫ్లడ్ పూల్). ఆ మధ్యలో ఉన్నదంతా ప్రైవేటు భూమి, అక్కడే సబ్‌డివిజన్లు, అంటే ఇళ్ల కాలనీలు, లేచాయి. 2017లో హార్వే తుపానుకి నీళ్లు 101.6 అడుగులకి వచ్చాయి. జోన్ ఎక్స్ గొడవ వదిలెయ్, ఆ మ్యాప్ ముఖ్యంగా వాగు పొంగితే ఏమవుతుందో చూపిస్తుంది, కట్ట వెనక నీళ్లు పేరుకుంటే ఎంతదూరం వస్తాయో దాంట్లో వెతక్కు. నీ ఇంటి స్లాబ్ (ఇక్కడ పైకప్పు కాదు, కింది నేల కాంక్రీటు) సముద్ర మట్టానికి ఎన్ని అడుగులో కనుక్కో. ఆ ఎత్తు రాసుండే ఎలివేషన్ సర్టిఫికెట్ అమ్మేవాళ్ల దగ్గర లేకపోతే సర్వేయర్‌ని పెట్టుకో. ఆ ఒక్క నంబరు చేతికొచ్చేదాకా గ్రానైట్ రంగు గురించి ఆలోచించకు.

సిన్కో_అక్క:

బాబాయ్ గారు లెక్క చెప్పారు, నేను చూసింది చెప్తాను. మాది కూడా పార్కు పక్క ఇల్లే. 2017 ఆగస్టులో శుక్రవారం రాత్రి మొదలైన వాన ఆదివారానికి కుండపోత, అయినా వీధిలో నీళ్లు పెద్దగా లేవు, పర్లేదు గట్టెక్కాం అనుకుని పడుకున్నాం. సోమవారం మధ్యాహ్నం నుంచి పెరట్లో గడ్డి చిత్తడి చిత్తడిగా అయింది. వీధి చివర డ్రెయిన్ జాలీలోంచి నీళ్లు కిందికి పోవాల్సింది పోయి పైకి ఉబుకుతున్నాయి. వరదంటే హోరుమని వస్తుందనుకున్నాను, ఇది చడీచప్పుడు లేకుండా గంటకో అంగుళం చొప్పున వచ్చింది. నీళ్ల మీద ఎర్రచీమలు గుండ్రంగా ముద్దకట్టి తేలుతూ వచ్చాయి, చీపురుతో తోస్తే చీపురెక్కేస్తున్నాయి. సోనామసూరి బస్తా, ఆవకాయ జాడీలు, దేవుడి పటాలు మేడ మీదికి చేర్చేసరికి హాల్లో చీలమండల దాకా వచ్చేశాయి. అన్నిటికంటే విచిత్రం, బుధవారం ఫెళ్లున ఎండ కాసింది, నీళ్లు అప్పుడూ పెరుగుతూనే ఉన్నాయి! ఎవరిదో పడవలో బయటపడ్డాం.

తొమ్మిది రోజుల తర్వాత తలుపు తెరిస్తే గోడ మీద గోధుమరంగు గీత, లెవెల్ పెట్టి గీసినట్టు ఇల్లంతా ఒకే ఎత్తులో. నాలుగడుగుల దాకా షీట్‌రాక్ (గోడల బోర్డు) కోసి పారేశాం, ఆ వాసన ముక్కులోంచి పోవడానికి ఏడాది పట్టింది. మాకూ జోన్ ఎక్సే, ఇన్సూరెన్స్ తీసుకోలేదు. మాకు అమ్మిన బిల్డర్ ఒక్క ముక్క చెప్పలేదు. తర్వాత తీస్తే మా సబ్‌డివిజన్ మ్యాప్‌లోనే ఒక మూల చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఉంది, ఈ భూమి బార్కర్ రిజర్వాయర్ పక్కన ఉంది, కోర్ నిర్వహణలో చాలాకాలం నీట మునిగే అవకాశం ఉంది అని. మీకు టిక్ పెట్టి మరీ చెప్తున్నారంటే 2019 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో అది తప్పనిసరి చేశారు కాబట్టి. మాకు ఆ అదృష్టం లేదు. కోర్టుల్లో కేసులు నడిచాయి, 2019 డిసెంబర్‌లో ఎగువ ఇళ్ల విషయంలో ప్రభుత్వానిదే బాధ్యత అని తీర్పొచ్చింది కూడా. కానీ తెలిసి కొన్నవాళ్లకి రేపు అదే మాట చెప్తారని నేనైతే నమ్మను.

పూల్‌లోనే_ఉన్నా:

అందరూ కలిసి ఆయన్ని మరీ భయపెడుతున్నారు. నేను 2018లో ఫ్లడ్ పూల్‌లోనే కొన్నాను, తెలిసే కొన్నాను. మా స్లాబ్ 101.2, హార్వేలో మా ఇంట్లోకి వచ్చింది ఓ అయిదంగుళాలు. గోడలూ ఫ్లోరింగూ అన్నీ కొత్తవి వేసి అమ్మారు, రేటు బాగా దిగింది, స్కూళ్లు బ్రహ్మాండం, ఆ తర్వాత మా వీధిలోకి నీళ్లు రాలేదు. రోజూ పొద్దున కట్ట మీద నడుస్తాను, జింకలు కనబడతాయి. కాకపోతే ఇన్సూరెన్స్ ఒక్క రోజు కూడా లాప్స్ కానివ్వను. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ ఇంటికి రెండున్నర లక్షల డాలర్లు, సామానుకి లక్ష, అంతకు మించి ఇవ్వదు, పైగా మామూలుగా తీసుకుంటే ముప్ఫై రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, తుపాను గల్ఫ్‌లోకి వచ్చాక పరిగెడితే లాభం లేదు. మీ స్లాబ్ 101కి అటూఇటూ ఉంటే కొనుక్కోండి. 98, 97 అయితే మాత్రం నేనూ కొనను.

గండిపేట_గడుగ్గాయి:

నాదో డౌటు. మన హైదరాబాద్‌లో ప్లాట్ కొనాలంటే మా నాన్న అడిగే మొదటి ప్రశ్న ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీటి మట్టం) ఎంత అని. గండిపేటకి 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌కి 1763.5, ఆయనకి నోటికొచ్చు. 1908లో మూసీ ఊరిని ముంచేశాకే ఈ రెండూ కట్టారు, 1920లో ఒకటి, 1927లో ఇంకోటి. అక్కడ శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి జాగాలో, ఎవడైనా విల్లా చూపిస్తే ఆమడ దూరం పారిపోతాం. అదే మనం ఇక్కడికొచ్చి శిఖంలో ఇల్లు చూపిస్తే "పార్క్ వ్యూ" అని ఎక్కువిచ్చి కొంటాం. అమెరికా కదా, అన్నీ చూసే పర్మిషన్ ఇచ్చుంటారులే అని ధీమా. నేనూ అదే బ్యాచ్, పోయినేడు దాదాపు సంతకం పెట్టేశాను.

కేటీకి_కొత్త:

అందరికీ థ్యాంక్స్. అమ్మేవాళ్లని అడిగితే రెండ్రోజులు నాన్చి ఎలివేషన్ సర్టిఫికెట్ పంపారు. స్లాబ్ 97.9. అంటే హార్వే నీళ్లు మూడడుగుల ఎనిమిదంగుళాలు. నిన్న సాయంత్రం టేపు పట్టుకుని మళ్లీ వెళ్లాం. కిచెన్ కౌంటర్ మూడడుగులు, దాని మీద ఇంకో ఎనిమిదంగుళాలు పెట్టి గోడ మీద వేలితో చూపిస్తే మా ఆవిడ స్టవ్ వైపు చూసింది, కింద బెడ్రూం వైపు చూసింది, మా చిన్నదాన్ని ఆ వేలి పక్కన నిలబెట్టింది. పిల్ల తల గీతకి కింద ఉంది. కార్లో ఎవరం మాట్లాడలేదు. రాత్రే ఏజెంట్‌కి చెప్పి క్యాన్సిల్ చేయించాం, ఆప్షన్ ఫీజు పోతే పోయింది.

మావాడికి మాత్రం ఆ విమానాల రన్‌వే కావాలట. ఆదివారం సైకిళ్లతో వెళ్దామనుకుంటున్నాం, ఎటునుంచి మొదలుపెడితే బాగుంటుంది?

బయూ_బాబాయ్:

మంచి పని చేశావు. పార్కులో కారు పెట్టి తూర్పుకి తొక్కండి, ట్రైల్ కట్ట దాటి హైవే 6 కిందనుంచి టెర్రీ హెర్షీ పార్కులోకి బయూ వెంబడే పోతుంది. కట్ట మీద ఆగి రెండు వైపులా చూపించు పిల్లలకి, తూములు కనబడతాయి. గట్టి వాన పడిన వారం మాత్రం ముందు రోడ్డు తెరిచారో లేదో చూసుకుని బయల్దేరండి, 2016 ఏప్రిల్ వానలకి నెల దాటినా మేం సైకిల్ బయటికి తీయలేదు.